బరకత్తూ లాభమూ ఒకటేనా? – ముస్లిమ్ వర్తకుని ఆధ్యాత్మికతపై వస్తున్న రచనల విమర్శ

ముస్లిమ్ చిన్న వర్తకుని దైవభక్తికీ, అతని వ్యాపార విజయానికీ గల సంబంధాన్ని గురించి గత కొన్ని దశాబ్దాలుగా విస్తారమైన వాఙ్మయం బయలుదేరింది. దీనిలో రెండు తరగతులున్నాయి. మొదటిది ప్రబోధ రచనలు. నమాజు, దుఆ, ఇస్తిగ్‌ఫార్, సదఖా అలవరచుకొన్న వర్తకునికి ధనం వెతుక్కొంటూ వస్తుందని ఇవి చెబుతాయి. రెండవది విశ్వవిద్యాలయ పరిశోధనలు. ముఖ్యంగా మలేషియా, ఇండొనేషియాల నుండి వెలువడే ఈ పరిశోధనలు వర్తకులకు ప్రశ్నపత్రాలు పంచి, వారి ధార్మికతకు ఒక అంకె, వారి వ్యాపారానికి మరొక అంకె కట్టి, రెండింటికీ పొత్తు కుదిరిందని చూపుతాయి. భాషలు వేరు, కాని చాలా చోట్ల ముగింపు ఒకటే: విశ్వాసం పెరిగితే వ్యాపారం పెరుగుతుంది.

ఈ వాఙ్మయాన్ని కొట్టిపారవేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఇందులో రెండు మంచి పనులు జరిగాయని మొదటే ఒప్పుకోవాలి. అంగడిని మస్జిదుకు ఎదురుగా నిలబెట్టి, వ్యాపారం చేసేవాడు భక్తుడు కాలేడన్నట్లు మాట్లాడే ధోరణిని ఇది సరిదిద్దింది. కస్బ్, అనగా ధర్మసమ్మతమైన సంపాదన, ఆరాధనలో భాగమేనని సామాన్య వర్తకునికి గుర్తుచేసింది. ఈ మాట కొత్తది కాదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులైన ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మ. హి. 189/క్రీ.శ. 805) సంపాదన మీద ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు. వారి గురువుగారు స్వయంగా కూఫా నగరంలో వస్త్ర వర్తకులు. అయితే మరచిపోయిన పాత మాటను జ్ఞాపకం చేయడం కూడా సేవయే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. సంపాదన ఆరాధన కాగలదు అనడం ఒకటి. ఆరాధన సంపాదనకు సాధనం అనడం మరొకటి. మొదటి వాక్యం నుండి రెండవదానికి ఈ రచయితలు ఎంత తేలికగా దాటిపోతారంటే, నడుమ ఒక అగాధం ఉన్నదని పాఠకునికి తెలియనే తెలియదు. ఆ అగాధాన్ని చూపడమే ఈ వ్యాసం ప్రయత్నం.

మాటల చిక్కు

అనువాదం చేసేవారికి ఈ చిక్కు మొదట పదాలలోనే ఎదురవుతుంది. అరబీలో వర్తకునికి మిగిలేది 'రిబ్‌హ్'. దాసునికి అల్లాహ్ ప్రసాదించే జీవనోపాధి 'రిజ్ఖ్'. ఉన్నదానిలో అల్లాహ్ ఉంచే మేలు, నిలుకడ, పెంపు 'బరకత్'. పరలోకంలో దాసుడు గట్టెక్కడం 'ఫలాహ్'. ఇవి నాలుగు వేరు వేరు మాటలు. రిబ్‌హ్‌ను రూపాయలలో లెక్కించవచ్చు. రిజ్ఖ్‌లో ఆరోగ్యం, సంతానం, విద్య, సావకాశం అన్నీ చేరుతాయి. బరకత్తు కొలతకు లొంగదు. కొద్దిపాటి ఆదాయంతో ఇంటిల్లిపాదీ తృప్తిగా బ్రతకడం బరకత్తు, పెద్ద ఆదాయం చేతిలో నిలవకుండా పోవడం బరకత్తు లేకపోవడం. ఫలాహ్ ఫలితం ఈ లోకపు లెక్కలలో తేలేది కాదు.

తెలుగులోకి వచ్చేసరికి ఏమవుతుంది? మన పల్లెల్లో కళ్లం మీద ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆ తర్వాత 'రెండు, మూడు' అని సాగిస్తాడు. ఉర్దూ మాట్లాడే ధాన్యపు బజారుల్లో అదే చోట 'బర్కత్' అంటారు. ఆ అలవాటు అందమైనదే. కొలతకు ముందు మేలును కోరుకోవడం ఉభయుల సంస్కారం. కాని ఆ పోలిక చూసుకొని బరకత్తుకు 'లాభం' అనీ, ఫలాహ్‌కు 'విజయం' అనీ రాసేస్తే హదీసుల అర్థమే తలకిందులవుతుంది. అమ్మేవాడు, కొనేవాడు నిజం పలికి సరుకు లోపాన్ని దాచకుండా చెప్పుకొంటే వారి బేరంలో బరకత్తు ఉంటుందనీ, అబద్ధమాడి దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (సల్లం) బోధించారని బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో ఉన్నది. ఇక్కడ బరకత్తు కొనేవానికీ ఉన్నది, అమ్మేవానికీ ఉన్నది. 'లాభం' అని అనువదిస్తే కొనేవాడు మాయమైపోతాడు. ఒకే బేరంలో ఇద్దరికీ పంచబడే మేలు గల్లాపెట్టె యజమాని ఒక్కడి సొత్తయి కూర్చుంటుంది. ప్రబోధ రచనలు చేసే పొరపాటుకు బీజం ఇదే.

ఖుర్‌ఆన్‌లో వర్తక పదజాలం విస్తారంగా ఉన్నదని అందరికీ తెలుసు. తూకం, లెక్క, అప్పు, ప్రతిఫలం, నష్టం, బేరం ఇత్యాది పదాలపై చార్లెస్ టోరీ అనే పాశ్చాత్య పండితుడు 1892లోనే ఒక ప్రత్యేక అధ్యయనం ప్రచురించాడు. మక్కా వర్తకులకు తెలిసిన భాషలో, తెలియని లోకం గురించి చెప్పడం ఆ పదజాల ప్రయోజనం. ఫాతిర్ సూరా 29వ ఆయత్ ఎన్నటికీ నష్టపడని వర్తకాన్ని గురించి చెబుతుంది. ఆ వర్తకం గ్రంథ పారాయణం, నమాజు, దానం. అక్కడ అంగడి ఉపమానం, పరలోకం అసలు విషయం. ఈనాటి రచనలలో అది తిరగబడింది. పరలోకపు మాటలు ఉపమానమై, అంగడి అసలు విషయమైంది.

ప్రశ్నపత్రాల బలహీనత

రెండవ తరగతి రచనలు శాస్త్రీయమనిపించుకొంటాయి కనుక వాటిని శాస్త్రీయంగానే పరీక్షించాలి. సాధారణంగా జరిగేది ఇది: ఒక పట్టణంలో నడుస్తున్న దుకాణాల యజమానులను కలుసుకొంటారు. మీరు నమాజు పాటిస్తారా, తవక్కుల్ కలిగి ఉన్నారా, అమానత్ కాపాడుతారా అని అడుగుతారు. అదే కాగితం మీద, అదే మనిషిని, మీ వ్యాపారం తృప్తికరంగా ఉన్నదా అని అడుగుతారు. జవాబులకు ఒకటి నుండి ఐదు వరకు అంకెలు వేసి, పొత్తు తీస్తారు.

ఇందులో మూడు లోపాలున్నాయి. మొదటిది: నడుస్తున్న దుకాణాలే లెక్కలోకి వచ్చాయి. నిరుడు తలుపులు మూసుకొన్నవాడు ఎంత భక్తిపరుడో అడిగినవారు లేరు. అతడు కూడా అయిదు పూటలా మస్జిదులో మొదటి వరుసలో నిలబడినవాడే కావచ్చు. యుద్ధం నుండి తిరిగివచ్చినవారిని మాత్రమే అడిగి, కవచం ప్రాణం కాపాడిందని తేల్చినట్లున్నది ఈ పద్ధతి.

రెండవది: భక్తికీ, విజయానికీ సాక్షి ఒక్కడే. తనను గురించి తాను మంచిగా చెప్పుకొనే స్వభావం గలవాడు రెండు ప్రశ్నలకూ మంచి అంకె వేస్తాడు. తనను తాను తక్కువ చేసుకొనే వినయశీలి రెండింటికీ తక్కువ వేస్తాడు. తన నమాజు సరిగా లేదని భయపడేవానికి ఈ లెక్కలో ఆధ్యాత్మికత తక్కువ! మన సూఫీ మహనీయులలో ఎవరూ ఈ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేరు. ఇఖ్లాస్ అనేది దాసునికీ అల్లాహ్‌కూ మధ్య రహస్యమని వారు బోధించారు; ఆ రహస్యానికి ఐదింట నాలుగు మార్కులు వేసుకోమనడం ధర్మశాస్త్రం రీత్యానే ఆక్షేపణీయం.

మూడవది: కారణమేదో, కార్యమేదో తేలదు. దుకాణం నిలదొక్కుకొన్నవానికి నమ్మకమైన గుమాస్తా ఉంటాడు, జుహర్ వేళకు మస్జిదుకు పోగలడు, హజ్ చేయగలడు, సదఖా ఇవ్వగలడు. తోపుడుబండి మీద పండ్లమ్మే వానికి బండి విడిచిపోయే వీలు లేదు. విజయం వల్ల భక్తికి తీరిక దొరికిందా, భక్తి వల్ల విజయం వచ్చిందా? ఒకేసారి పంచిన ప్రశ్నపత్రం దీనికి జవాబు చెప్పలేదు.

ఆయతుల వినియోగం

ప్రబోధ రచయితలు తరచు ఆధారం చేసుకొనేది తలాఖ్ సూరా 2, 3 ఆయతులను. అల్లాహ్‌కు భయపడేవానికి ఆయన దారి చూపుతాడనీ, ఊహించని చోటు నుండి ఉపాధి కల్పిస్తాడనీ వాటి భావం. ఈ వాగ్దానంలో ఏ విశ్వాసికీ సందేహం లేదు. కాని సందర్భం చూడాలి. అది విడాకుల ఆదేశాల మధ్య వచ్చిన మాట. భార్యాభర్తలు విడిపోయే కష్టకాలంలో, ఖర్చుకు వెరచి స్త్రీ హక్కును కాజేయవద్దు, న్యాయంగా నడచుకో, నీ ఉపాధికి అల్లాహ్ ఉన్నాడు అని ధైర్యం చెప్పే సందర్భం. తనకు నష్టమని తోచినా న్యాయం చేసేవానికి ఇచ్చిన ఊరట అది. దానిని లాభం పెంచుకొనే ఉపాయంగా చూపితే, త్యాగం చేసేవాని ధైర్యాన్ని తీసి ఆశపడేవాని చేతిలో పెట్టినట్లవుతుంది. పైగా ఆయత్‌లో ఉన్న మాట రిజ్ఖ్, రిబ్‌హ్ కాదు.

మరి ఈ రచనలు అంతగా పట్టించుకోని ఆయతులున్నాయి. ఫజ్ర్ సూరా 15, 16 ఆయతులు మానవుని ఒక దురలవాటును ఎత్తిచూపుతాయి. అల్లాహ్ అతన్ని పరీక్షిస్తూ సౌకర్యాలిస్తే, తన ప్రభువు తనను గౌరవించాడంటాడు. పరీక్షిస్తూ ఉపాధిని కుదిస్తే, తన ప్రభువు తనను అవమానించాడంటాడు. వెంటనే 17వ ఆయత్ 'కల్లా' అనే మాటతో ఆ రెండు భావాలనూ ఖండించి, అనాథను ఆదరించకపోవడం వైపు చూపు తిప్పుతుంది. పాఠకులు గమనించాలి: కలిమి గౌరవ చిహ్నమన్న ఊహ కూడా లేమి అవమాన చిహ్నమన్న ఊహతో పాటే ఖండించబడింది. నేటి 'విజయ' సాహిత్యం మొదటి సగాన్ని బోధిస్తుంది. రెండవ సగాన్ని పైకి చెప్పదు గాని, వినేవాడు తనంతట తానే పూరించుకొంటాడు. భక్తివల్లే లాభమైతే, నష్టపోయినవాని భక్తి ఏమైనట్లు?

ఇమామ్ గజాలీ అంగడి

ఈ విషయంలో మనకు కొలబద్దగా నిలువగల రచన ఒకటున్నది. ఇమామ్ గజాలీ (రహ్మ) క్రీ.శ. 1058లో తూస్‌లో జన్మించి 1111లో అక్కడే కన్నుమూశారు. వారి 'ఇహ్యా ఉలూమిద్దీన్' నలభై గ్రంథాల సంపుటి, నాలుగు భాగాలు. రెండవ భాగంలో మూడవది, మొత్తం మీద పదమూడవది, సంపాదన మర్యాదలను గురించిన గ్రంథం. దీనిలో అయిదు అధ్యాయాలు: సంపాదన ఔన్నత్యం, ఒప్పందాల ధర్మశాస్త్రం, లావాదేవీలలో న్యాయం, లావాదేవీలలో ఇహ్‌సాన్, చివరగా వర్తకుడు తన ధర్మాన్ని కాపాడుకొనే తీరు. ఈ క్రమమే ఒక పాఠం. ఇమామ్‌గారు ప్రోత్సాహం తర్వాత నేరుగా హృదయ సంస్కారానికి పోలేదు. అమ్మకం, వడ్డీ, ముందు సొమ్ముచ్చే సలమ్, కూలి లేక బాడుగ, ఒకరి పెట్టుబడి ఒకరి శ్రమగా సాగే ఖిరాజ్, భాగస్వామ్యం అనే ఆరింటి నియమాలు నేర్పి గాని ముందుకు కదలలేదు. నియమాలు తెలియనివాడు మన అంగట్లో అమ్మరాదని హజ్రత్ ఉమర్ (రజి) వర్తకులను హెచ్చరించేవారని కూడా గుర్తుచేశారు.

ఈ గ్రంథంలోని గాథలను 'విజయ గాథలు'గా చదవబోతే ఏమవుతుందో చూడండి. బస్రా వస్త్ర వర్తకులు యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) దుకాణంలో నాలుగు వందల దిర్హముల దుస్తులూ, రెండు వందలవీ ఉండేవి. ఆయన నమాజుకు పోయి అన్న కొడుకును కూర్చోబెట్టారు. ఒక ఎడారివాసి వచ్చి నాలుగు వందలది అడిగితే, ఆ కుర్రవాడు రెండు వందలది చూపించాడు. అతడు మెచ్చి, నాలుగు వందలిచ్చి, సంతోషంగా తీసుకుపోతున్నాడు. దారిలో యూనుస్ ఎదురై, తన సరుకును గుర్తుపట్టి, ధర అడిగి, ఇది రెండు వందలకు మించి చేయదు, వెనక్కు రమ్మన్నారు. మా సీమలో ఇది అయిదు వందలు చేస్తుంది, నాకు సమ్మతమే అని ఎడారివాసి అన్నా వినక, రెండు వందలు తిరిగి ఇచ్చివేసి, కుర్రవాణ్ణి చీవాట్లు పెట్టారు.

ఈనాటి ప్రబోధకుని చేతిలో ఈ కథ ఎలా మారేదో ఊహించవచ్చు. యజమాని నమాజులో ఉండగా రెండు వందల అదనపు లాభం వచ్చిపడింది. నమాజు ఫలితం చూడండి అనేవాడు. కొనేవాడు తృప్తిపడ్డాడు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నమాజు నుండి వచ్చిన యూనుస్‌కు మాత్రం ఆ సొమ్ము ప్రసాదంగా కనిపించలేదు, బాకీగా కనిపించింది. నమాజు ఆయనకిచ్చినది ఆ చూపు.

మరొక గాథ ఇంతకన్న విచిత్రమైనది. బగ్దాదు సూఫీ సర్రీ సఖతీ (రహ్మ, మ. హి. 253/క్రీ.శ. 867) అరవై దీనార్లకు బాదం కొని, మూడు దీనార్లు లాభమని చిట్టాలో రాసుకొన్నారు. పదికి అర దీనారు అన్నమాట. ఇంతలో ధర తొంభైకి పెరిగింది. దళారి వచ్చి అడిగితే అరవై మూడుకే తీసుకొమ్మన్నారు. దళారి కూడా సత్పురుషుడే. బజారు ధర తొంభై, తోటి ముస్లిమును మోసగించనని నేనూ అల్లాహ్‌తో మాట చేసుకొన్నాను, తొంభైకి తక్కువ కొనను అన్నాడు. సర్రీ మెట్టు దిగలేదు. దళారీ దిగలేదు. బేరం కుదరనే లేదు. ఇహ్‌సాన్‌కు నిదర్శనంగా ఇమామ్‌గారు ఎన్నుకొన్న ఈ గాథ చివర గల్లాపెట్టెలో ఒక్క దిర్హము పడలేదు! దీనిని ఏ ప్రశ్నపత్రం ఏ గడిలో వేసుకొంటుంది?

మూడవది వాసిత్ పట్టణపు వర్తకుని గాథ. ఆయన గోధుమల నావను బస్రాకు పంపి, చేరిన రోజు ధరకే అమ్మమని గుమాస్తాకు రాశారు. ఒక వారం ఆగితే ఎంతో లాభమని అక్కడి వర్తకులు చెప్పగా గుమాస్తా ఆగి, అనేక రెట్లు గడించి సంతోషంగా జాబు రాశాడు. యజమాని నుండి వచ్చిన జవాబు: మా ధర్మం నిలిచేటట్లు కొద్దిపాటి లాభంతో తృప్తిపడ్డాము, నీవు మా మాట దాటావు, సొమ్మంతా బస్రా పేదలకు పంచివేయి, సరుకు దాచిన పాపం నుండి అంతటితోనైనా బయటపడితే చాలు.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. విజయ గాథలు కూడా అదే గ్రంథంలో ఉన్నాయి కదా? ఉన్నాయి. నీ సంపదకు కారణమేమని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను అడిగితే ఆయన మూడు చెప్పారు: వచ్చిన లాభాన్ని ఎంత స్వల్పమైనా కాదనలేదు, అడిగిన పశువును అమ్మడానికి ఆలసించలేదు, అరువుకు అమ్మలేదు. ఒకసారి వెయ్యి ఒంటెలను కొన్న ధరకే అమ్మి, వాటి పగ్గాలు మాత్రం మిగుల్చుకొన్నారు. పగ్గానికి ఒక దిర్హము చొప్పున వెయ్యి వచ్చింది. ఆ రోజు మేత ఖర్చు మరో వెయ్యి తప్పింది. ఈ సమాధానాన్ని శ్రద్ధగా చదవాలి. వీరు స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబీలలో ఒకరు. ఆయన భక్తిని గురించి ఎవరికీ సందేహం లేదు. అయినా సంపద కారణం అడిగినప్పుడు ఆయన తన నమాజులను పేర్కొనలేదు. తక్కువ మార్జిన్, త్వరిత విక్రయం, నిల్వ ఖర్చు తప్పించుకోవడం, అరువు మానుకోవడం అనే వర్తక రహస్యాలనే చెప్పారు. వ్యాపారానికి వ్యాపార కారణాలే చెప్పడం ఆ మహనీయుని వినయం, నిజాయితీ కూడా.

జావా సాక్ష్యం

ఈ రంగంలో జరిగిన పాత పరిశోధనలలో మేలైనది అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో ప్రచురించినది. తూర్పు జావాలో 'మోజొకుటో' అని ఆయన మారుపేరు పెట్టిన పట్టణాన్నీ, బాలిలోని తబనన్‌నూ పోల్చి చూశాడు. మాక్స్ వెబర్ 1904–05లో ప్రొటెస్టెంటు క్రైస్తవాన్ని గురించి చేసిన వాదం ఆయన మనస్సులో ఉన్నది. మోజొకుటోలో సంస్కరణవాద ముస్లిములే చురుకైన వర్తకులని ఆయన గమనించాడు. వారు కష్టజీవులు, పొదుపరులు, ఆడంబరం లేనివారు. ప్రబోధ రచయిత కోరుకొనే గుణాలన్నీ ఉన్నాయి.

ఫలితం? సంతలో చిల్లర బేరాల నుండి పైకి వచ్చి దుకాణాలు పెట్టారు గాని, అక్కడే ఆగిపోయారు. వారికి కొరవడినది పట్టుదల కాదు, కూడిక అని గీర్ట్జ్ తేల్చాడు. పదిమంది పెట్టుబడి ఒకచోట చేర్చి, పదికాలాల పాటు నిలిచే సంస్థను నిర్మించే ఏర్పాటు లేదు. ఎవరి బేరం వారిది, ఎవరి అరువు వారిది. తబనన్‌లో హిందూ రాజవంశీకులు మాత్రం ప్రజలలో ఉన్న సమష్టి కట్టుబాట్లను వాడుకొని పెద్ద సంస్థలు కట్టగలిగారు. వారి కష్టాలు వేరు.

గీర్ట్జ్ గ్రంథానికీ పరిమితులున్నాయి. ధర్మాన్ని ఆయన ముఖ్యంగా స్వభావాన్ని మలచే శక్తిగానే చూశాడు. పొదుపు, శ్రమ అనే గుణాలను దాని ఫలంగా లెక్కించాడు. షరీఅత్ అంతకుమించినది. మద్రసాలలో బోధించే 'హిదాయా'లో భాగస్వామ్యం, ముజారబా మీద ప్రత్యేక ప్రకరణాలున్నాయి. ముజారబాలో లాభం ఒప్పుకొన్న పాళ్ల ప్రకారం పంచుకొంటారు. తన తప్పు లేకుండా నష్టం వస్తే శ్రమ చేసినవాడు శ్రమ మాత్రమే కోల్పోతాడు, సొమ్ము నష్టం పెట్టుబడి పెట్టినవానిది. కూడిక కొరవడినదని గీర్ట్జ్ చెప్పిన చోట, కూడికకు కావలసిన సామగ్రి మన గ్రంథాలలో ఉన్నది. అది పాఠ్యాంశంగా మిగిలి, అంగడికి చేరకపోవడం వేరే కథ. ఏమైనా ఆయన సాక్ష్యం మనకు ఉపకరిస్తుంది: వ్యక్తిగత భక్తి, వ్యక్తిగత శ్రమ ఉన్నంత మాత్రాన చిన్న వ్యాపారం పెద్దది కాదు. పెట్టుబడి, సంస్థ, బజారు అనేవి వాటి లెక్క అవి చూసుకొంటాయి.

నష్టపోయినవాని స్థానం

ఈ చర్చ అంతటిలో ప్రాణప్రదమైన విషయానికి వస్తున్నాను. చిన్న వర్తకానికి నష్టం దగ్గరి చుట్టం. పంట పోయినా, రోడ్డు వెడల్పు చేసినా, ఇంట్లో ఒక్కరికి జబ్బు చేసినా దుకాణం కూలిపోవచ్చు. 2020లో మహమ్మారి వచ్చి బజారులు మూతపడినప్పుడు భక్తుని తాళమూ, భక్తిహీనుని తాళమూ ఒకేసారి పడ్డాయి. అటువంటి మనిషికి 'భక్తి ఉంటే బరకత్తు' అన్న సూత్రం ఏమి చెబుతుంది? అప్పులవాళ్లు వాకిట నిలబడి ఉండగా, నీ ఈమాన్‌లో లోపమున్నదని చెబుతుంది. సొమ్ము పోయినవాని దగ్గర మిగిలి ఉన్న ఒక్క ఆధారాన్ని కూడా లాగేస్తుంది.

షరీఅత్ ఇలా మాట్లాడదు. దైవప్రవక్త (సల్లం) కాలంలో ఒకాయన పండ్లు కొని నష్టపోయి అప్పులపాలయ్యాడు. అతనికి సదఖా ఇవ్వమని ప్రవక్త (సల్లం) ప్రజలను కోరారు. ఇచ్చారు గాని అప్పుకు సరిపోలేదు. అప్పుడు అప్పులవాళ్లతో, దొరికినది తీసుకోండి, అంతకుమించి మీకు లేదన్నారు. ఇది సహీహ్ ముస్లిమ్‌లోని హదీసు. అతని నమాజుల లెక్క ఎవరూ అడగలేదు. బఖరా సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువిమ్మంటుంది, మాఫీ చేస్తే మరింత మేలంటుంది. తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో ఋణగ్రస్తులను చేర్చింది. ఫిఖ్హ్ గ్రంథాలలో దివాలా మీద ప్రత్యేక చర్చ ఉన్నది. నిజాయితీపరుడు కూడా నష్టపోతాడని ధర్మానికి తెలుసు. తెలిసే అతనికి తన ఖజానాలో ఒక వాటా రాసిపెట్టింది. నష్టం దైవాగ్రహానికి గుర్తయితే ఆ వాటా ఎందుకు?

ఈ సూత్రం గెలిచినవానికీ మేలు చేయదు. లాభమే అంగీకార ముద్ర అయితే, లాభం ఎలా వచ్చిందని అడిగే అవసరం తీరిపోతుంది. పనివాని కూలి ఆలస్యం చేసినా, తూకంలో తగ్గించినా, సరుకు దాచినా, ఏటా ఉమ్రా చేసి వచ్చేవాని లాభాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ముతఫ్ఫిఫీన్ సూరా ఆరంభంలో వినాశ హెచ్చరిక అందుకొన్నవారు తూకంలో మోసగించే వర్తకులే గాని నష్టపోయినవారు కారు.

మేలైన రచన ఎలా ఉండాలి

విమర్శించడంతో సరిపోదు. చిన్న వర్తకుని ఆధ్యాత్మికత మీద ఎటువంటి రచన రావాలో కూడా చెప్పాలి. నా దృష్టిలో అది చిట్టా పుస్తకం దగ్గర మొదలు కావాలి. ఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, బఖరా 282, అప్పు పత్రం రాసుకోవడాన్ని గురించినది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుగు చెందవద్దని, సాక్షులను పెట్టుకొమ్మని అది ఆదేశిస్తుంది. 'అల్లాహ్ చూసుకొంటాడు' అంటూ నోటిమాట మీద అరువులిచ్చి, ఆపైన బంధువులతో పగలు తెచ్చుకొనే వర్తకునికి ఇంతకన్న ఆధ్యాత్మిక బోధ ఏమి కావాలి?

తర్వాత జకాత్. మజ్‌హబ్‌లను బట్టి వివరాలలో భేదాలున్నా, సంవత్సరం నిండిన నాడు సరుకు విలువ కట్టి, నగదు కలిపి, రావలసినవీ ఇవ్వవలసినవీ చూసుకొని, నిసాబ్‌కు చేరితే నలభయ్యవ వంతు తీయాలి. అంటే కొట్టులో ఏ మూల ఏ సరుకున్నదో తెలియనివాడు జకాత్ సరిగా చెల్లించలేడు. ఈ జకాత్ లాభం మీద మాత్రమే కాదు, నిల్వ సరుకు మీద కూడా. లాభం తక్కువైన ఏడు కూడా నిసాబ్ ఉంటే ఇవ్వాలి. కనుక ఇది విజయానికి కృతజ్ఞతగా ఇచ్చే కానుక కాదు, పేదవాని హక్కు.

ఆపైన కూడిక. హైదరాబాదువారైన డా. ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) తమ నగరంలో వడ్డీ లేకుండా అప్పులిచ్చిన సహకార సంఘాలను గురించి రాసి, లోకానికి తెలియజేశారు. పదిమంది చిన్న మొత్తాలు కూడబెట్టి, అవసరమైనవానికిచ్చి, మళ్లీ వసూలు చేసుకోవడం అద్భుతం కాదు, ఏర్పాటు. గీర్ట్జ్ మోజొకుటోలో వెతికి చూడలేకపోయినది ఇటువంటి ఏర్పాటునే. మన రచయితలు ఒక భక్తుని ధనలాభ గాథను పదిసార్లు చెప్పే బదులు, ఇటువంటి సంఘం ఒకటి ఎలా నడిచింది, ఎక్కడ చిక్కుపడింది, ఎగవేతదారుతో ఏమి చేసింది అని ఒక్కసారి వివరిస్తే వర్తకునికి ఎంతో ఉపకారం.

అప్పుడు నమాజుకూ, జిక్ర్‌కూ స్థానమెక్కడ అని అడగవచ్చు. ఇమామ్ గజాలీ చివరి అధ్యాయంలో ఏడు విషయాలు చెప్పారు. సంకల్పం సరిచూసుకోవడం, తన వృత్తి సమాజానికి అవసరమైన విధి అని తలచడం, ఇహలోకపు అంగడి పరలోకపు అంగడి నుండి తనను ఆపకుండా చూసుకోవడం, బజారులోనూ అల్లాహ్‌ను స్మరించడం, అందరికన్న ముందు బజారుకు పోయి అందరికన్న వెనుక వచ్చే అత్యాశ విడవడం, నిషిద్ధమైనదే కాక సందేహాస్పదమైనదీ మానడం, ప్రతి బేరంలో తన మాటకూ చేతకూ లెక్క చెప్పవలసి ఉన్నదని ఎరిగి నడవడం. ఈ ఏడింటిలో ఒక్కటీ అమ్మకాలు పెంచే ఉపాయం కాదు. అయిదవదైతే అమ్మకాలు తగ్గించేదే. ఇవి వర్తకుని దుకాణం నుండి కాపాడే మార్గాలు. దుకాణాన్ని నష్టం నుండి కాపాడేవి రెండవ అధ్యాయంలోని నియమాలూ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) చెప్పిన మెలకువలూ. రెండూ వర్తకునికి అవసరమే. ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే రెండూ చెడుతాయి.

కనుక ఈ తరగతి పుస్తకం చేతికి వచ్చినప్పుడు పాఠకులు ఒక చిన్న పరీక్ష పెట్టవలసిందిగా మనవి. మన మొహల్లాలో, నిజాయితీగా నడిపి కూడా దుకాణం మూసుకొన్న ఒక సోదరుడు ఉండనే ఉంటాడు. ఆ పుస్తకంలోని ఏ పుటనైనా తెరచి అతని ఎదుట కూర్చొని పైకి చదవగలమా? చదివేవాని గొంతు తడబడకుండా, వినేవాని తల వంగకుండా చదవగలిగితే అది ఇస్లామీయ ఆధ్యాత్మికతను గురించిన పుస్తకమే. చదవలేకపోతే, దాని మీద ఎన్ని ఆయతులు ముద్రించి ఉన్నా, అది గల్లాపెట్టెను గురించిన పుస్తకం. వల్లాహు ఆలమ్.